మేనేజర్ వాట్సాప్‌లో ఇచ్చిన ఆర్డర్‌కు కంపెనీ డబ్బు కట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. భీమవరంలో మీకు ఫ్లెక్స్, సైన్‌బోర్డుల షాపు ఉంది. ఒక రొయ్యల మేత కంపెనీ డీలర్ల షాపులకు రెండేళ్లకు పైగా బోర్డులు చేసి బిగిస్తున్నారు. ఆర్డర్లు ఆ కంపెనీ ఏరియా సేల్స్ మేనేజర్ వాట్సాప్‌లో ఇచ్చేవారు, బిల్లు హైదరాబాద్ ఆఫీసుకు పంపేవారు, డబ్బు కంపెనీ ఖాతా నుంచి వచ్చేది. ఈసారి 6,40,000 రూపాయల బిల్లులు ఆగిపోయాయి. అడిగితే మెయిల్‌లో మూడు ముక్కలు రాశారు: ఆ మేనేజర్‌కు 50,000 దాటి ఆర్డర్ ఇచ్చే అధికారం లేదు, పర్చేజ్ ఆర్డర్ (పీఓ, అంటే కంపెనీ రాసిచ్చే కొనుగోలు కాగితం) లేదు, పైగా ఆయన మే 15నే మానేశారు. కంపెనీ మీద వెళ్లాలా, మేనేజర్ మీద వెళ్లాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కంపెనీ మీదే వెళ్లండి. మీరు రాసినదంతా కాగితాల్లో ఉంటే, మే 15 లోపు చేసిన 4,10,000 పని వరకు మీ కేసు గట్టిది. ఆ తర్వాతి 2,30,000 కూడా వదులుకోనక్కర్లేదు. అందులో తేలాల్సింది ఒక్కటే: ఆయన మానేసిన సంగతి అప్పటికి మీకు తెలుసా, తెలియదా. మేనేజర్‌ను రెండో ప్రతివాదిగా పెట్టండి. ఎందుకో కింద రాస్తాను.

నేను విజయవాడలో కమర్షియల్ దావాలు చూస్తాను. ప్రాక్టీసు పెట్టకముందు ఒక కంపెనీ లీగల్ విభాగంలో పనిచేశాను, మీకొచ్చినలాంటి మెయిళ్లు అక్కడ నేనూ డ్రాఫ్ట్ చేశాను. వాటిని చూసి టెన్షన్ పడకండి. సప్లయర్లలో సగం మంది ఆ మెయిల్ చూసి అక్కడితో ఊరుకుంటారని కంపెనీలకు తెలుసు. అందుకే అవి అంత ధీమాగా ఉంటాయి.

కంపెనీకి చేతులు లేవు, నోరు లేదు. ఎవరో ఒక మనిషి ద్వారానే ఒప్పందం చేసుకోవాలి. ఆ మనిషి చేసిన పని కంపెనీ మీద ఎప్పుడు పడుతుందో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో పదో అధ్యాయం చెబుతుంది. అధికారం రాతపూర్వకంగా ఇచ్చి ఉండొచ్చు, లేదా పరిస్థితుల నుంచి, నడిచిన లావాదేవీల నుంచి అర్థం చేసుకోవచ్చు (186, 187 సెక్షన్లు). 187 కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. కలకత్తాలో ఉండే యజమానికి శ్రీరాంపూర్‌లో ఒక షాపు ఉంది, అప్పుడప్పుడు వచ్చి చూసిపోతుంటాడు. షాపు నడిపే మనిషి యజమాని పేరు మీద ఒకరి దగ్గర సరుకు తెప్పించుకోవడం, యజమానికి తెలిసే ఆయన సొమ్ములోంచి చెల్లించడం అలవాటు. అలాంటప్పుడు ఆ మనిషికి సరుకు తెప్పించే అధికారం ఉన్నట్టే లెక్క. కలకత్తా బదులు హైదరాబాద్, శ్రీరాంపూర్ బదులు భీమవరం అని చదువుకోండి, అది మీ కేసే.

అధికారం ఉందని మేనేజర్ మీకు ఏం చెప్పాడన్నది కోర్టు పెద్దగా పట్టించుకోదు. కంపెనీ ఏం చేసిందన్నదే చూస్తుంది. నా దగ్గరికి వచ్చే క్లయింట్లు ఇక్కడే పొరబడతారు. "సార్, అంతా నేను చూసుకుంటాను, ఎండీగారితో మాట్లాడాను అన్నాడండీ" అని పది నిమిషాలు చెబుతారు. ఏజెంటు, అంటే యజమాని తరఫున పనిచేసే మనిషి, తన అధికారం గురించి తానే చెప్పుకున్న మాటకు విలువ లేదు. ఆ నమ్మకం కంపెనీ మాట వల్లో నడవడి వల్లో మీకు కలిగిందని చూపించాలి. 237 సెక్షన్ చెప్పేది అదే: అధికారం లేకుండా ఏజెంటు చేసిన పనైనా, అది అతని పరిధిలోదేనని అవతలివాళ్లు నమ్మేలా యజమాని ప్రవర్తించి ఉంటే, యజమాని కట్టుబడాలి.

ఎల్‌ఐసీ మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

1997 నాటి హర్షద్ షా కేసులో పాలసీదారు గడువు దాటిన ప్రీమియం కోసం ఏజెంటుకు బేరర్ చెక్కు ఇచ్చారు. ఏజెంటు చెక్కు మార్చుకున్నాడు గాని డబ్బు వెంటనే ఎల్‌ఐసీలో కట్టలేదు. ఈలోగా పాలసీదారు ప్రమాదంలో చనిపోయారు. ఏజెంటు ఆ తర్వాత కట్టాడు. కుటుంబం ఓడిపోయింది. 1972 నాటి ఏజెంట్ల నిబంధనల ప్రకారం ఏజెంటుకు ప్రీమియం వసూలు చేసే అధికారం లేదు, నియామక పత్రంలోనూ అదే ఉంది. అధికారం ఉందని పాలసీదారు నమ్మేలా ఎల్‌ఐసీ ఏదైనా చేసిందనడానికి ఆధారం లేదు. మన ఊళ్లలో ఏజెంటు ఇంటికొచ్చి ప్రీమియం పట్టుకెళ్లడం ఎంత మామూలో మీకు తెలుసు. అందుకే ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది.

రెండోది 1999 నాటి బసంతీ దేవి కేసు. ఢిల్లీ విద్యుత్ సంస్థ తన ఉద్యోగుల జీతాల్లోంచి ప్రీమియం కోసి ఎల్‌ఐసీకి పంపే పథకం అది. సంస్థ కోసింది గాని పంపలేదు, ఉద్యోగి చనిపోయాడు. యాజమాన్యం మా ఏజెంటు కాదని మాకూ వాళ్లకూ మధ్య రాతకోతలు ఉన్నాయి అని ఎల్‌ఐసీ వాదించింది. ఆ రాతకోతలు ఉద్యోగికి తెలియవు, పథకం పెట్టింది ఎల్‌ఐసీయే, యాజమాన్యం చేత వసూలు చేయించింది ఎల్‌ఐసీయే. కాబట్టి ఎల్‌ఐసీ చెల్లించాల్సిందేనని కోర్టు చెప్పింది.

మీ కేసు రెండో దారిలోది. రెండేళ్లు ఆ మేనేజర్ ఇచ్చిన ఆర్డర్లకు హైదరాబాద్ ఆఫీసు మారుమాట లేకుండా డబ్బు పంపింది. పంపిన ప్రతిసారీ "ఈయన ఆర్డర్ ఇస్తే మేం కడతాం" అని కంపెనీ మీకు చెప్పినట్టే. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లే మీకు బలమైన సాక్ష్యం, వాట్సాప్ చాట్ వాటి తర్వాతే.

ఇక ఆ మెయిల్‌లోని మూడు ముక్కలు.

50,000 పరిమితి. అది కంపెనీ లోపలి ఏర్పాటు. మీకు ఎప్పుడూ చెప్పనప్పుడు అది మీకు అడ్డు కాదు. 237 కింద ఉన్న మొదటి ఉదాహరణే ఇది: సరుకు అమ్మిపెట్టమని ఇచ్చి, ఫలానా ధరకు తగ్గించవద్దని యజమాని ఏజెంటుకు చెప్పాడు. ఆ సంగతి తెలియని మూడో మనిషి తక్కువ ధరకు కొన్నాడు. యజమాని కట్టుబడాల్సిందే. మీ పాత బిల్లుల్లో 50,000 దాటినవి ఉన్నాయా చూడండి. ఒక్కటి ఉన్నా, దాన్ని కంపెనీ కట్టి ఉన్నా, ఈ వాదన అక్కడితో సరి. అన్నీ 45,000, 48,000 అని ముక్కలు చేసి వేసిన బిల్లులైతే మాత్రం జాగ్రత్త. "బిల్లు విడగొట్టి ఇవ్వండి" అని మేనేజర్ మీతో అని ఉంటే, పరిమితి ఉందని మీకు తెలుసని అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో రాబడతాడు. ఈ విషయం మీ లాయర్‌కు ముందే చెప్పండి, దాచకండి.

పర్చేజ్ ఆర్డర్ లేకపోవడం. ఒప్పందం చెల్లడానికి పీఓ తప్పనిసరి అని చట్టంలో ఎక్కడా లేదు. కంపెనీల చట్టం 2013లో 21వ సెక్షన్ ప్రకారం కంపెనీ తరఫున ఒప్పందాల మీద కీలక అధికారులు గాని, బోర్డు అధికారమిచ్చిన ఉద్యోగి గాని సంతకం చేయొచ్చు. సంతకం లేని మామూలు ఆర్డర్లు చెల్లవని దానికి అర్థం కాదు. బోర్డు తీర్మానం జరిగిందా లేదా అని లోపలికెళ్లి చూడాల్సిన బాధ్యత మామూలు వ్యాపారంలో సప్లయర్ మీద లేదు. 1856లో ఇంగ్లండ్‌లో టర్‌క్వాండ్ కేసుతో స్థిరపడిన ఈ సూత్రాన్ని మన కోర్టులూ పాటిస్తున్నాయి. మీ పాత లావాదేవీల్లో పని అయిపోయాక పీఓ పంపిన సందర్భాలున్నాయని రాశారు. అవి తప్పకుండా దాఖలు చేయండి. ముందు పని, తర్వాత కాగితం అనేది కంపెనీ పద్ధతేనని అవే చెబుతాయి.

మే 15 రాజీనామా. దీని దగ్గర కొంచెం ఆగాలి. కాంట్రాక్టు చట్టం 208 సెక్షన్ ప్రకారం ఏజెంటు అధికారం రద్దు కావడం మూడో వ్యక్తుల విషయంలో వాళ్లకు తెలిసినప్పటి నుంచే అమల్లోకి వస్తుంది. చట్టంలోని ఉదాహరణ మద్రాసు వ్యాపారిది. బొంబాయి గోదాములోని పత్తి అమ్మమని ఏజెంటుకు ఉత్తరం రాశాడు, తర్వాత వద్దని ఇంకో ఉత్తరం రాశాడు. రెండో ఉత్తరం అందాక కూడా ఏజెంటు పత్తి అమ్మేసి డబ్బుతో పరారయ్యాడు. కొన్నవాడికి మొదటి ఉత్తరం సంగతి తెలుసు, రెండోది తెలియదు. అతను ఏజెంటుకు కట్టిన డబ్బు చెల్లుతుంది, నష్టం మద్రాసు వ్యాపారిదే. కాబట్టి మనిషి వెళ్లిపోయాడని సప్లయర్లకు చెప్పుకోవాల్సిన పని కంపెనీది. ఒక మెయిల్, ఒక సర్క్యులర్, కనీసం కొత్త మేనేజర్ నుంచి ఒక ఫోన్ కాల్. ఏదీ లేకపోతే మే 15 తర్వాతి ఆర్డర్లకు కూడా కంపెనీ బాధ్యత పోదు.

మీకు తెలుసని చూపించడానికి వాళ్లు వెతుకుతారు. మే మూడో వారం తర్వాత మీ చాట్‌లో "కొత్త కంపెనీలో ఎలా ఉంది సార్" లాంటి మాట ఉందా? ఆయన వేరే నంబర్ నుంచి ఆర్డర్ ఇచ్చారా? బోర్డుల మీద బ్రాండ్ పేరు మారిందా? చివరిది నవ్వులాట కాదు. ఏలూరు వైపు నుంచి వచ్చిన ఒక కేసులో మానేసిన మేనేజర్ కొత్త కంపెనీ బోర్డుల పనిని పాత కంపెనీ ఖాతాలో రాయించాడు. బిల్లులతో జతపరిచిన ఫొటోల్లో కొత్త కంపెనీ పేరు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ బిల్లుల వరకు మా క్లయింటు నోరెత్తలేకపోయాడు.

అధికారం లేదనే అనుకుందాం కాసేపు. అప్పుడు కూడా కంపెనీ తర్వాత ఆ పనిని ఆమోదించి ఉంటే కట్టుబడాలి. ఆమోదం నోటితో చెప్పక్కర్లేదు, నడవడితో సరిపోతుంది (197). లావాదేవీలో ఒక ముక్క ఆమోదిస్తే ఆ లావాదేవీ అంతా ఆమోదించినట్టే (199). ఆగిపోయిన బిల్లుల్లో ఒక్కదానికైనా కొంత అడ్వాన్స్ ఇచ్చారా, ఒకసారి చూడండి. ఇక్కడ చాలామంది పట్టించుకోని రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి, మీ 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక). ఈ బిల్లుల మీద కంపెనీ టీడీఎస్ కోసి మీ పాన్‌లో జమ చేసి ఉంటే, ఆ బిల్లు తన పుస్తకాల్లోకి ఎక్కించుకున్నట్టే. ఇప్పుడు "మాకు సంబంధం లేదు" అనడం కష్టం. రెండోది జీఎస్టీ. మీరు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపించిన ఇన్‌వాయిస్‌ల మీద కంపెనీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీది పన్నును తన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుందా అన్నది మీకు నేరుగా కనిపించదు. దావాలో ఆ రికార్డు దాఖలు చేయమని కోర్టు ద్వారా అడగాలి. క్రెడిట్ వాడుకుని బిల్లు కాదనే కంపెనీని జడ్జిలు ఎలా చూస్తారో కోర్టు హాల్లో కూర్చుంటే తెలుస్తుంది.

అదీ కాకపోతే కాంట్రాక్టు చట్టంలోనే 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా మీరు చట్టబద్ధంగా ఒక పని చేశారు, దాని లాభం అవతలివాళ్లు అనుభవిస్తున్నారు, కాబట్టి పరిహారం ఇవ్వాలి. మీ బోర్డులు ఈ రోజుకీ డీలర్ల షాపుల మీద వేలాడుతున్నాయి కదా. వెళ్లి తేదీ పడేలా ఫొటోలు తీయండి, షాపు పేరు కూడా ఫ్రేములో ఉండాలి. బోర్డు కింద మూలలో మీ షాపు పేరు, ఫోన్ నంబరు చిన్న అక్షరాల్లో వేసే అలవాటుంటే దాన్ని దగ్గరగా ఇంకో ఫొటో తీయండి. 1961లో బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు సరైన ఒప్పందం లేని నిర్మాణ పనికి ప్రభుత్వం చేత డబ్బు ఇప్పించింది ఈ సెక్షన్ కిందనే. దావాలో దీన్ని ప్రత్యామ్నాయంగా మొదట్లోనే రాయాలి.

ఈ సందర్భంలోనే ఒక మాట. మీరు మండల ఆఫీసుకో కార్పొరేషన్‌కో ఇలాంటి పనులు చేస్తుంటే పైన చెప్పిన ధీమా అక్కడ పెట్టుకోవద్దు. ప్రభుత్వంతో ఒప్పందానికి రాజ్యాంగం 299 అధికరణం ప్రకారం పద్ధతి ఉంది, స్థానిక సంస్థలకు వాటి చట్టాల్లో పద్ధతులున్నాయి. అధికారి నోటిమాట మీద పని చేస్తే 70వ సెక్షన్ ఒక్కటే మిగులుతుంది.

కంపెనీ కట్టుబడని సందర్భాలు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినట్టవుతుంది.

ఆర్డర్ ఆ ఉద్యోగి మామూలు పనికి సంబంధించినదై ఉండాలి. ఏరియా సేల్స్ మేనేజర్ బోర్డులు చేయించడం మామూలే. అదే మేనేజర్ కంపెనీ పేరు మీద మీ దగ్గర అప్పు తీసుకుంటే, ఎవరికో హామీ ఇస్తే, స్థలం లీజుకు రాస్తే అది వేరే సంగతి. కంపెనీ అప్పు తేవాలంటే బోర్డు తీర్మానం ఉండాలని కంపెనీల చట్టం 179లో ఉంది. ఆస్తుల పత్రాల దగ్గర కంపెనీ ఆర్టికల్స్ (దాని నియమావళి) కూడా చూసుకోవాలి, అవి రిజిస్ట్రార్ దగ్గర ఎవరైనా చూడగలిగే కాగితాలు. 1934లో మద్రాసు హైకోర్టు చెప్పిన కోట్ల వెంకటస్వామి, చింతా రామమూర్తి కేసు మనవాళ్లదే. ఆర్టికల్స్ ప్రకారం మేనేజింగ్ డైరెక్టర్, కార్యదర్శి, వర్కింగ్ డైరెక్టర్ ముగ్గురూ సంతకం చేయాలి. తనఖా పత్రం మీద కార్యదర్శి, వర్కింగ్ డైరెక్టర్ ఇద్దరే చేశారు. డబ్బిచ్చిన మనిషి మంచి నమ్మకంతోనే ఇచ్చినా ఓడిపోయాడు. ఇంత కఠినత్వం ఈ రోజుల్లో మామూలు కొనుగోళ్లకు వర్తించదు, కానీ తనఖాలు, హామీలు, భూముల దగ్గర ఈ కేసును ఇప్పటికీ ఎదురుగా పెడతారు.

డబ్బు మేనేజర్ సొంత ఫోన్‌పేకో ఖాతాకో వెళ్లినా, అక్కడి నుంచి వచ్చినా కథ అడ్డం తిరుగుతుంది. 1978 నాటి శ్యామాదేవి కేసులో బ్యాంకు ఉద్యోగికి స్నేహం కొద్దీ డబ్బు, చెక్కు ఇచ్చి తన ఖాతాలో వేయమన్నారు, అతను మింగేశాడు. ఖాతాదారు స్నేహితుడిగా నమ్మి ఇచ్చారు గాని బ్యాంకు పనిలో భాగంగా ఇవ్వలేదు, కాబట్టి బ్యాంకుకు బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ పాత చెల్లింపుల్లో ఒకటో రెండో మేనేజర్ తన ఖాతా నుంచి వేసి ఉంటే, ఆ ఆర్డర్లను వేరుగా లెక్కపెట్టుకోండి.

ఇంకోటి అడగడానికి ఇబ్బందైన విషయం, అయినా అడుగుతున్నాను. బిల్లు మీద ఇంత శాతం అని ఆయనకు ఏమైనా ఇచ్చేవారా? ఇచ్చి ఉంటే, కంపెనీ దాన్ని బయటపెడితే, మంచి నమ్మకంతో నడిచిన సప్లయర్ అనే మీ వాదన కుంటుపడుతుంది. ఇక్కడ సమాధానం రాయొద్దు. మీ లాయర్‌కు చెప్పండి.

డీలర్ల సంగతి కూడా. బోర్డులు కొన్ని డీలర్లే నేరుగా అడిగి చేయించుకున్నారని మీ ప్రశ్న చివర్లో రాశారు. డీలర్ సాధారణంగా కంపెనీ ఏజెంటు కాదు, తన డబ్బుతో సరుకు కొని అమ్ముకునే వేరే వ్యాపారి. షాపు పేరులో "ఏజెన్సీస్" ఉన్నా అంతే. వాళ్లు ఇచ్చిన ఆర్డర్లకు వాళ్లనే అడగాలి. ఆ బిల్లులు ఈ 6,40,000లో కలిసి ఉంటే ముందే తీసేయండి. కలిపి దావా వేస్తే మిగతా బిల్లుల మీద కూడా అనుమానం వస్తుంది.

మేనేజర్‌ను ఎందుకు చేర్చమన్నానంటే, అధికారం లేకుండా ఉన్నట్టు నమ్మించిన మనిషి నష్టపరిహారం కట్టాలి (కాంట్రాక్టు చట్టం 235). కంపెనీ బాధ్యత లేదని తేలితే ఆయన మీద పడాలి. ఇద్దరిలో ఎవరో తెలియనప్పుడు ఇద్దరినీ చేర్చవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1, రూల్ 7 చెబుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. ప్రతివాదిగా వచ్చిన మేనేజర్ చాలాసార్లు "నా రీజనల్ మేనేజర్ చెప్పాడు, మెయిల్ ఇదిగో" అని తనను తాను కాపాడుకుంటాడు. మీకు దొరకని కాగితం ఆయన చేత్తో బయటికి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. నోటీసు భీమవరం బ్రాంచికి కాకుండా రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపాలి, చిరునామా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో దొరుకుతుంది. పని చేసిన తేదీ నుంచి మూడేళ్ల కాలపరిమితి, బిల్లు బిల్లుకూ వేరుగా లెక్కేసుకోండి. వాట్సాప్ చాట్ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చేయకండి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. 3 లక్షలు దాటిన వ్యాపార వివాదం కాబట్టి, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. పని చేసేనాటికే మీకు చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, వాటి బాకీల వివాదాలు చూసే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే దారి కూడా ఉంది. అక్కడ ఆలస్యానికి రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ వస్తుంది. ఆ అంకె నోటీసులో వేసి పంపితే కంపెనీ అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేయడం నేను చూశాను. కంపెనీల దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీకి వెళ్తామని బెదిరించమని ఎవరో చెప్పారని రాశారు. దానికి కనీసం కోటి రూపాయల బాకీ ఉండాలి, ఆ మాట రాస్తే మీ నోటీసే తేలికైపోతుంది.

మధ్యవర్తిత్వంలో వాళ్లు మే 15 లోపు చేసిన పనికి 4,10,000 ఇస్తామని దిగిరావచ్చు. తీసుకోండి, కానీ "మొత్తం బాకీ తీరింది" అనే రసీదు మీద సంతకం పెట్టకండి. ఏ ఏ ఇన్‌వాయిస్ నంబర్లకు ఆ డబ్బు చెందుతుందో రాయించి, మిగతా 2,30,000 మీద హక్కు ఉంచుకుంటున్నట్టు ఒక వాక్యం చేర్పించండి. ఆ వాక్యానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఎంత తగ్గింపుకు మీరు సిద్ధమో ఆ గదిలోకి వెళ్లకముందే మీ లాయర్‌తో కూర్చుని తేల్చుకోండి.